నూట ఆరు వచ్చినా ఫెయిలు

వజ్రపుకొత్తూరు,
4 ఆగస్టు 2003

కార్ల శబ్దం కొలిచే అయ్యగారికి,

మీరు నన్ను ఎరుగరు. ఎరగనివాళ్ళకి ఉత్తరం రాయవచ్చో లేదో తెలియక మూడు రోజులు ఆగాను. మనుషుల ఎదుట నాకు మాట పెగలదు. కాగితం మీదైతే కాస్త నయం. తప్పయితే చించెయ్యండి, కోపగించుకోకండి.

మా వారు చెన్నైలో ఒక కార్ల షెడ్డులో వెల్డింగు పని చేస్తారు. పేరు నేను నోటితో అనకూడదు, రాయడానికి పరవాలేదనుకుంటాను: త్రినాథ్. జగదీష్ అని ఒక ఉన్నవాళ్ళబ్బాయి తన ఎర్ర కారుకి కంపెనీ ఇచ్చిన సైలెన్సరు పీకించి, బయట కొన్న లావుపాటి గొట్టం పెట్టించుకున్నాడట. ఆదివారాలు ఎవరి కారు వాళ్ళు తెచ్చి తోలుకునే మీ ట్రాకులోకి వెళ్ళాలంటే గేటు దగ్గర మీరు మీటరు పెట్టి చూస్తారట. ఆ బండి పాసయితే షెడ్డు ఓనరు మా వారి పని ఖాయం చేసి, వెనుక గది ఇస్తానన్నాడు. గది వస్తే నన్ను తీసుకెళ్తారు. మాకు పెళ్ళయి పదకొండు నెలలు. కలిసి ఉన్నది ముప్పై నాలుగు రోజులు.

అయ్యా, అన్యాయం జరిగింది. మా వారికి నూట ఆరు వస్తే ఫెయిలు చేశారు. పక్క బండికి తొంభై మూడే వస్తే పాసు చేశారట. నేను ఐదో తరగతి వరకే చదివాను గాని, నూట ఆరు వచ్చినవాళ్ళని ఫెయిలు చేయడం మా బడిలో చూడలేదు. ఆ దిగులుతో మళ్ళీ వెళ్తే ఆయనకి నూట మూడే వచ్చిందట. ఇలా తగ్గిపోతూ ఉంటే మనిషి ఏమైపోతారో అని భయంగా ఉంది. ఒక్కసారి కాగితాలు తిరిగి దిద్దించండి.

మీ దయ మీద ఉన్న
ప్రమోదిని

తా.క.: ఆ పక్క బండి మీ చుట్టాలదైతే నేను ఏమీ అననట్టే.

*

చెన్నై,
14 ఆగస్టు 2003

అమ్మా ప్రమోదినీ,

ఈ ఉద్యోగంలో నన్ను తిడుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఇంత మర్యాదగా తిట్టింది నువ్వే.

ఇవి మార్కులు కావు. జ్వరం లాంటివి. ఎంత తక్కువుంటే అంత మంచిది. బండి నిలబెట్టి, ఇంజను రేజు చేయించి, గొట్టం మూతికి మూరెడు దూరంలో పక్కగా మీటరు పెడతాను. తొంభై ఐదు దాటితే లోపలికి వదలను. చుట్టుపక్కల ఊళ్ళున్నాయి, పసిపిల్లలున్నారు, పాలిచ్చే గేదెలున్నాయి. మీ బండి సంగతి నాకు గుర్తు లేదు. ఆదివారం నలభై బండ్లు వస్తాయి.

ఆ గొట్టాల్లో శబ్దాన్ని మింగడానికి దూదిలాంటిది కూరుతారు. అది కాలిపోతే చప్పుడంతా బయటికి వస్తుంది. మంచి సరుకు కూరమని మీ ఆయనకి రాయి. దిగులు పడకు.

సోమేశ్వరరావు
(శబ్ద పరీక్ష)

తా.క.: తొంభై మూడు వచ్చినవాడు నాకు చుట్టం కాదు. మా బావమరిది బండికి నూట పది వచ్చింది. వాడు మా ఇంటికి రావడం మానేసి ఏడాదయింది. ఈ ఉద్యోగం వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే.

*

వజ్రపుకొత్తూరు,
25 ఆగస్టు 2003

శబ్దం కొలిచే అయ్యగారికి, ఈసారి కొంచెం ధైర్యంగా,

మీ జవాబు పొయ్యి దగ్గర కూర్చుని నాలుగుసార్లు చదివాను. అత్తయ్య చూసి, “ఏటే, ఆ కాయితాన్ని మింగీసేలా సూత్తన్నావు? మావోడు ఏటి రాసినాడు?” అంది. గది ఇంకా రాలేదట అన్నాను. “ఏటి? గట్టిగా సెప్పు. నీ మాట నీకైనా ఇనబడతాదా?” అంది. మళ్ళీ చెప్పలేదు.

జ్వరం అన్నారని మా ఊరికి వచ్చే నర్సమ్మని అడిగాను. మంచి మనిషికి తొంభై ఎనిమిది ఉండాలట. తొంభై ఐదుకి దిగితే ఒళ్ళు చల్లబడి మనిషి దక్కడం కష్టమట. ఇంత కఠినమైన రూలు ఎవరు పెట్టారండి? మా వారికి ఈ వారం తొంభై తొమ్మిది వచ్చిందని రాశారు. ముట్టుకుంటే తెలిసీ తెలియని వేడి. మీరు చూసీ చూడనట్టు వదలొచ్చు.

లోపల మంచి సరుకు కూరాలన్నారు కదా. మా ఉద్దానంలో దానికి కొదవ లేదు. కొబ్బరి పీచు నానబెట్టి, బాది, చిక్కులు తీసి పంపుతున్నాను. వారం నుంచి వాన, పొయ్యి మీద ఆరబెట్టాను. పొగ వాసన వస్తే ఏమీ అనుకోకండి. ఆయనకే పంపితే నవ్వి పక్కన పడేస్తారు. మీరు స్వయంగా ఇచ్చి, మీ ఎదురుగా కూరించండి. ఇక్కడ పగలంతా జీడిగింజలు కొడుతూ ఎవరితోనూ మాట్లాడకుండా గడిపేస్తున్నాను. ఇలా ఎన్నాళ్ళో తెలియడం లేదు.

వానలో
ప్రమోదిని

తా.క.: పార్సెల్లో శేరు జీడిపప్పు కూడా పెట్టాను. మీటరు ఇంకో రెండు మూరలు వెనక్కి పెడితే బాగుంటుంది. ఈ రెండు మాటలకీ సంబంధం లేదు.

*

చెన్నై,
10 సెప్టెంబరు 2003

అమ్మా ప్రమోదినీ,

కొబ్బరి పీచు ఆ గొట్టంలో కూరితే బండి ట్రాకు మీద తగలబడుతూ పరిగెడుతుంది. ఆ మాట చెప్పి పీచు ఇచ్చేద్దామని మీ ఆయన షెడ్డుకి వెళ్ళాను. వెళ్ళేముందు రిజిస్టరు తీశాను.

ఎర్ర కారు జులై ఆరో తేదీనే తొంభై నాలుగుతో పాసయింది. సంతకం నాదే. మొదట వచ్చిన నూట ఆరు ఉంది. నూట మూడు గాని, తొంభై తొమ్మిది గాని నా పుస్తకంలో లేవు. షెడ్డు వెనుక గది రెండు నెలలుగా అతని చేతిలోనే ఉంది. సున్నం వేసి, గోడకి అద్దం కూడా తగిలించాడు.

ఎందుకు దాచావని అడిగితే అతను నా నోటికేసి చూస్తూ నిలబడ్డాడు. నాకు అనుమానం వచ్చింది. ఎడమ పక్కకి వెళ్ళి పేరు పెట్టి అరిచాను. తిరగలేదు. ఏ అతుకులో గాలి పోతోందో చెవి పెట్టి వినడం అతని పని. నా చెవులకి తొడుగులున్నాయి. అతనికి లేవు. ఇన్నాళ్ళూ నేను బండ్లనే కొలిచాను.

చివరికి చెప్పాడు. “ఎడమ సెవి పోయింది సార్. కుడిది సగమే. మా ఆడది మాటాడితే పక్కనున్నోడికే ఇనబడదు. అది ఒచ్చి ఏదో అంటాది, నేను ఏటి అంటాను. మళ్ళీ అంటాది, మళ్ళీ ఏటి అంటాను. మూడోసారికి ఊరుకుంటాది. ఇంక జన్మలో మాటాడదు. ఉత్తరంలో అయితే దాని మాట ఒక్కటీ పోదు సార్.”

అందుకే ఉత్తరాల్లో అంకె నెమ్మదిగా దించుతున్నాడు. తొంభై ఐదుకి ఇంకా నాలుగు అంకెలున్నాయి, ఆ తర్వాత ఏం రాయాలో తెలియడం లేదన్నాడు. నీకు చెప్పనని మాటిచ్చి వచ్చాను. ఈ ఉత్తరంతో తప్పాను.

సోమేశ్వరరావు

తా.క.: రూలు ప్రకారం జీడిపప్పు తిరిగి పంపుతున్నాను. సగమే ఉంటుంది. పోస్టు వాళ్ళని అనుమానించకు.

*

వజ్రపుకొత్తూరు,
18 సెప్టెంబరు 2003

సోమేశ్వరరావు బాబాయిగారికి,

మీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం తినలేదు. మర్నాడు తిన్నాను.

ఆయనకి తెలియని సంగతి ఒకటుంది. ముప్పై నాలుగు రోజుల్లో మా మాటలు అంతదాకా రాలేదు. మా నాన్న టెక్కలి దగ్గర రాళ్ళ క్వారీలో డ్రిల్లు పట్టేవారు. నేను పుట్టేసరికే ఆయనకి రెండు చెవులూ పోయాయి. ఆ పనివాళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు. మందు పెట్టాం, పరిగెత్తు. నీళ్ళు తే. మేస్త్రీ వస్తున్నాడు. ఆ చేతులే మా ఇంటికీ వచ్చాయి. కూరలో ఉప్పు తక్కువన్నా, పక్కింటి గేదె ఈనిందన్నా చేతులే. మా అమ్మా నాన్నా దెబ్బలాడుకుంటే వీధిలో ఎవరికీ తెలిసేది కాదు. అమ్మ ఓడిపోయేలా ఉంటే దీపం ఆర్పేసేది.

నోటితో మాట్లాడటం నేను బడికి వెళ్ళాకే నేర్చుకున్నాను. అది ఐదో తరగతితో ఆగింది. అందరూ సిగ్గరి అంటారు. సిగ్గు కొంత ఉంది, మిగతాది అలవాటు లేక. నాన్న వెనక నుంచి వచ్చిన లారీ వినబడక, దాని కింద పడి చనిపోయారు. మూడేళ్ళయింది. అప్పటినుంచి అమ్మ చేతులూ ఆగిపోయాయి, నాతో మాట్లాడేవాళ్ళు లేరు.

అందుకని బాబాయిగారూ, ఆయనకి ఇలా అయిందని నాకు సంతోషం లేదు. రోడ్డు మీద ఆయనకి ఎడమ పక్కన నడిచేవాళ్ళు ఉండాలి. 25వ తేదీ గురువారం పలాసలో మెయిలు ఎక్కుతున్నాను. అత్తయ్య తమ్ముడు అప్పలస్వామి తోడు వస్తాడు. మర్నాడు ఏదో పని చెప్పి ఆయన్ని చెన్నై స్టేషనుకి తీసుకురండి. ఎందుకో చెప్పకండి. మీరు మాట నిలబెట్టుకునే మనిషి కారని తెలుసు. ఈ ఒక్కసారికి నిలబెట్టుకోండి.

మీ కూతురులాంటి
ప్రమోదిని

తా.క.: అత్తయ్యకి గది వచ్చిందనే చెప్పాను, చెవుల సంగతి చెప్పలేదు. ఆవిడ కొబ్బరికాయలు ఒక సంచిలో, ఊరగాయ జాడీ ఇంకో సంచిలో కట్టింది. రెండూ అప్పలస్వామి మామయ్యనే మొయ్యమన్నాను. “ఏటే, మొగుడి కాడికి రెండు సేతులూ కాళీగా ఎల్తావా?” అంది. అవునన్నాను.