చిరుతను కొట్టిన తుపాకి

బెంగళూరు, దండు (కంటోన్మెంటు),
14-2-1947.

పూజ్యులైన అన్న ఓబళప్ప గారికీ, వదిన సొన్నమ్మ గారికీ తమ్ముడు గోపాలప్ప చేతులు జోడించి రాసుకునేది. ఇక్కడ మేమంతా కుశలం. అమ్మకు దగ్గు తగ్గింది. అడిగి మరీ సంగటి పెట్టించుకుంటోంది. అక్కడ మీరూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

మీరు నాకు అప్పగించిపోయిన తుపాకి గురించి రాస్తున్నాను. మా రిపేరు షాపులో దాన్ని విప్పి తుడిచాను. ట్రిగ్గరు చుట్టూ ఉన్న ఇనుప కడియాన్ని కిందికి లాగి పైకి నొక్కితే తూటా ఎక్కే రకం అది. ఇప్పుడు వెన్నలా ఆడుతోంది. అడుగుభాగంలో అరిగిపోయిన నంబరొకటి కనబడింది. యుద్ధం ముగిసి అమెరికా టపా మళ్లీ నడుస్తోంది కదా, ఆ నంబరు రాసి కంపెనీకి ఉత్తరం వేశాను. అంత దూరంలో నా ఉత్తరం ఎవరు చూస్తారులే అనుకున్నాను. నిన్న జవాబొచ్చింది! షాపులో అందరికీ చదివి వినిపించాను.

అది 1897లో తయారైందట. మద్రాసులోని ఒక అంగడికి ఓడలో పంపారట. అక్కడినుంచి మన చిక్కమగళూరు కాఫీ తోట దొర కొనివుంటాడు. చిరుతను కొట్టినందుకు బహుమానంగా దొర దాన్ని ఎవరికిచ్చాడో మాత్రం కంపెనీవారికేం తెలుస్తుంది? మన నాయనకని మీరంటారు. కాదు, తన నాయన చిక్కమునియప్పకేనని మన చిన్నాయన కొడుకు పెద్దమునియప్ప అంటాడు. అన్నదమ్ముల బిడ్డలమై ఉండి, ఆ ఒక్క మాట మీద రెండిళ్లకూ రాకపోకలు లేకుండా పోయాయి.

కంపెనీవారు ఇంకొక విషయం రాశారు. ఈ తుపాకిని ప్రత్యేకంగా అడిగి చేయించుకున్నారట. గొట్టం తేలిక, భుజానికి ఆనించే కట్టె మామూలుకన్నా బాగా పొట్టి. నేను ఎత్తి చూస్తే మోచెయ్యి ముడుచుకుపోయింది. నాయనా చిన్నాయనా నాకంటే పొడుగరులు. దొర పొట్టివాడై ఉంటాడని నవ్వుకున్నాను.

అన్నా, చిన్నవాణ్ణి చెబుతున్నాను, కోప్పడకండి. ఫాల్గుణంలో పెద్దమునియప్ప కూతురి పెండ్లి. నాకు పిలుపు అందింది. మీ ఇంటికీ వచ్చే ఉంటాడు, మీరు తలుపు తీసి ఉండరు. వెళ్లండి. చిరుతను ఎవరు కొడితేనేం, ఆ పిల్ల మన ఇంటి పిల్ల. వచ్చే వారం మనిషిని పంపండి, తుపాకి ఇచ్చి పంపుతాను.

ఇట్లు మీ ఆశీస్సులు కోరే తమ్ముడు,
గోపాలప్ప

మరచిపోక ముందే: ఉత్తరం అంటించబోతుంటే, ఏం రాసినావో చదవమంది అమ్మ. చదివాను. కట్టె పొట్టిదన్న చోట కిసుక్కున నవ్వింది. “దొర తాటిచెట్టంత ఉండె కదప్పా. అది దొరసానిది” అంది. పెండ్లికి ముందు అమ్మ ఆ బంగళాలో బిడ్డనెత్తుకునే పనిలో ఉండేదని మనకు తెలుసు. దొరసాని తనకు గురి నేర్పించిందని మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఒకనాడు బిడ్డ వాకిట్లో ఆడుకుంటుంటే గోడ మీద చిరుత కూర్చుని ఉందట. అమ్మ లోపలికి పరుగెత్తి ఈ తుపాకే తెచ్చిందట. “నేనే కొట్టినా. దొర ఇది నా చేతికే ఇచ్చె. మీ నాయనా చిక్కమునియప్పా దాన్ని గడకు కట్టి మోసుకొని ఊరంతా తిప్పినారు. మోసినోళ్లిద్దరూ కొట్టినోళ్లయిపోయినారు” అంది.

ఇన్నాళ్లూ ఎందుకు దాచావమ్మా అని అడిగాను. “నేనేడ దాచినానురా? ఎవురూ అడగలేదు. మీ నాయన ఆ మాట చెప్పుకొని మురిసిపోతా ఉండె. మురిసిపోనీలే అనుకొన్యా” అంది.

తుపాకి చేతికిచ్చాను. భుజానికి ఆనించి, ఎడమ కన్ను మూసి, కిటికీలోంచి ఎదురింటి గుమ్మటం మీది కాకికి గురి చూసింది. ఆ పొట్టి కట్టె అమ్మ భుజానికి అతికినట్టు సరిపోయింది, అన్నా. పెండ్లికి తానే వస్తుందట, మిమ్మల్నీ పెద్దమునియప్పనూ ఒకే పంక్తిలో కూర్చోబెడుతుందట.

మనిషిని పంపకండి. తుపాకి ఇవ్వడానికి నాకు హక్కు లేదు. సొంతదారు ఇవ్వనంటోంది.