విమలమ్మ ఇంటి పాలపిట్ట

సికింద్రాబాద్,
సెప్టెంబరు 2003.

కాప్రా విమలమ్మ గారికి పిట్టల నేస్తం సంఘం కార్యదర్శి దేవిక నమస్కారాలు.

మేమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. జీతాల్లో కొంత తీసి, శనివారాలు బడుల్లో పిట్టల గురించి పాఠాలు చెబుతుంటాం. మీ వీధి బడిలో "పాలపిట్టను చూసినవాళ్లెవరు?" అంటే తరగతి మొత్తం చేతులెత్తి, "దసరాకు విమలమ్మ ఇంట్ల!" అంది. దసరా దర్శనం కోసం పాలపిట్టను పట్టి పంజరంలో పెట్టడం నేరమండీ. దయచేసి మాకు అప్పగించండి. బుట్ట మేమే తెస్తాం.

భవదీయురాలు,
దేవిక

తా.క. దానికి బియ్యం పెట్టకండి. అది పురుగులే తింటుంది.

*

దేవికమ్మకు విమలమ్మ రాసేది.

నా పిట్టను నీకెందుకిస్త? దానికి ఇల్లు పెట్టిపోయింది మా ఆయన, బ్రహ్మచారి ఆయన పేరు. వడ్రంగి పనిల ఆయనంత మొనగాడు లేడు. ఆయన పోయిండు గని పిట్ట నన్నిడిచి పోలే. నువ్వెవరో బుట్ట పట్టుకొని వస్తనంటే ఊకుంటనా? మా ఇంటి పక్క నా ఖాళీ జాగల అపార్ట్‌మెంట్ కట్టాలని సాయిబాబు ఏడాది సంది తిరుగుతున్నడు. ఆయన పంపిండా నిన్ను?

ఉంట మరి,
విమలమ్మ

తా.క. బియ్యం లేవు, పురుగుల్లేవు. నేనేం పెట్ట. దాని తిప్పలు అదే పడ్తది.

*

విమలమ్మ గారూ,

మీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. మీ ఆయన చేసిన పంజరంలో పెట్టి, నోరులేని జీవిని పస్తులుంచుతారా? సాయిబాబు ఎవరో నాకు తెలియదు. దసరా పొద్దున్నే అటవీ శాఖ ఆఫీసరు పోలరాజు గారితో వస్తున్నాను.

ఇట్లు,
దేవిక

తా.క. అంతవరకు కనీసం నీళ్లు పెట్టండి. మీకు దణ్ణం పెడతాను.

*

దేవికా,

రా. ఆఫీసర్ని సుత తీస్కరా. పండుగ పూట ఇద్దరూ మా ఇంట్లనే తినాలె. గని పిట్ట మీద చెయ్యేస్తే ఊకునేది లేదు, వాడకట్టంతా అడ్డం పడ్తరు. జెర ముందుగాల రా, లైన్ పెద్దగుంటది.

విమలమ్మ

తా.క. నీళ్లకేం తక్లీఫ్? కాప్రా చెరువు లేదా?

*

అమ్మా,

పొద్దున జరిగినదానికి క్షమాపణ ఎలా చెప్పాలో తెలియడం లేదు. పంజరం కోసం నేను ఇల్లంతా వెతుకుతుంటే, మీరు చెయ్యి పట్టుకుని పక్క జాగాలోకి తీసుకెళ్లారు. అక్కడున్నది తల లేని తాటి మోడు! ఏటా ఎండాకాలం పాలపిట్ట దాని తొర్రలోనే పిల్లల్ని చేస్తుందన్నారు. కర్ర కనిపిస్తే రంపం ఆగని బ్రహ్మచారి గారు పిట్ట కోసం దీన్ని మాత్రం ముట్టుకోలేదన్నారు. అంతలో అది మోడు మీంచి నీలం రెక్కలు విప్పి లేచింది. వీధంతా దణ్ణం పెట్టింది, అందరికంటే ముందు మా ఆఫీసరు. నాకు ఏడుపొచ్చిందమ్మా. చేతిలో బుట్ట చూసుకుని సిగ్గేసింది.

ఒక్కటే భయం. జాగా సాయిబాబుకు ఇస్తే మోడు పోతుంది. ఇవ్వకండి. మీ ఖర్చులకు మా సంఘం చందాలు పోగు చేస్తుంది.

మీ
దేవిక

తా.క. లైన్లో నా ముందు కుటుంబంతో నిలబడ్డాయనే సాయిబాబట!

*

బిడ్డా దేవికా,

ఒక ముచ్చట నీకు చెప్పలే. మోకాళ్ల నొప్పులాయె, ఒంటి మనిషినాయె. దసరా తెల్లారి సంతకం పెడ్తనని సాయిబాబుకు మాటిచ్చి ఉంటి. అంతల నీ ఉత్తరమొచ్చింది. కోపంల 'పిట్టనియ్య' అని రాసిన. రాసి పోస్టు చేసినంక కూసుంటే, పిట్టనే ఇయ్యనిదాన్ని దాని ఇల్లెట్ల ఇస్త అనిపించింది. నువ్వు తప్పుగ అనుకోకపోతే, ఈపాటికి మోడు పోయేది బిడ్డా.

సాయిబాబుకు కాదని చెప్పిన. మొఖం చిన్నగ చేసుకొని, "పోనీలే అమ్మా, వచ్చే దసరాకు నేను మాత్రం యాడికి పోవాలె" అన్నడు.

జాగ మీ సంఘానికి రాసిస్త. చందాలతోని చుట్టూ గోడ కట్టించి, పిల్లలకు పాఠం ఆడనే చెప్పు. నేను సుత వచ్చి కూసుంట.

నీ
విమలమ్మ

తా.క. నువ్వు మరిచిపోయిన బుట్ట కింద మా కోడిపెట్టను కమ్మిన. దాన్ని వదిలిపెట్టమని మల్ల ఉత్తరం రాయకు.