మల్లెపువ్వులాంటి అన్నం

జగ్గయ్యపేట, 1948, కార్తీకం, గురువారం రాత్రి.

నెల రోజులుగా రెండు చేతుల వేళ్ళూ తిమ్మిరెక్కుతున్నా ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే తమ్ముడు నన్ను వీరులపాడులో తన ఇంటికి తీసుకుపోతాడు. ఒంటరిగా నడుపుకుంటున్న నా సొంత కాపురం అంతటితో సరి. కుష్ఠేమోనన్న భయం వేరే.

ఈ ఉదయం ఒక్కదాన్నే బస్సెక్కి నందిగామ వెళ్ళాను. అక్కడి ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు నన్ను కళ్ళు మూసుకోమని, దూదితో తాకి, సూదితో గుచ్చి చూశాడు. ఎక్కడ తాకినా చెప్పగలిగాను.

"కుష్ఠు కాదు మామ్మగారూ, భయపడకండి. ఏ బియ్యం తింటున్నారు?"

"మర బియ్యమే. నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చి, మల్లెపువ్వులా వండుతాను."

"గంజి ఏం చేస్తారు?"

"పక్కింటి గేదెకు పోస్తాను."

"అయితే ఆ గేదెకు తిమ్మిర్లు రావు లెండి! బలమంతా దానికే పోతోంది. దంపుడు బియ్యం వండుకుని గంజి మీరే తాగండి."

కాలేజీ చదువు చదివిన నాకు ఈ సంగతి తట్టలేదు. తగ్గడానికి రెండు నెలలు పట్టవచ్చునట. అందాకా తమ్ముడు ఇటు రాకుండా ఉంటే...

సాయంత్రం గంజిలో ఉప్పు వేసుకుని గ్లాసెడు తాగాను. రుచిగానే ఉంది. ఆ మాట మాత్రం డాక్టరుకు చెప్పను.