అందం కోసం అన్నారండీ

తాడేపల్లిగూడెం,
12 జూన్ 2008.

ప్రియమైన మీకు, ప్రభువు నామంలో వందనాలు.

కొల్లేటికోటలో సెల్ అందదు కదా, అందుకే ఉత్తరం. హైదరాబాదు డాక్టరుగారు రాసిచ్చిన కాగితాలు మా కాలేజీ ఆఫీసు ద్వారా ఇన్సూరెన్సు కంపెనీకి పంపాను. పొట్ట చిన్నది చేసే ఆపరేషను చేస్తే తప్ప నాకు నిద్రలో ఊపిరి ఆగిపోవడం తగ్గదని ఆయన స్పష్టంగా రాశారు. గుమస్తా సుబ్బారావుగారు అది చదివి, "లావు తగ్గడానిక్కూడా ఆపరేషనా అండీ?" అని నవ్వారు. మధ్యాహ్నానికి మా లైబ్రరీలో అందరికీ తెలిసిపోయింది.

పడుకుంటే గొంతు మీద ఎవరో కూర్చున్నట్టుంటోంది. కుర్చీలోనే నిద్రపోతున్నాను. చెల్లి లిడియా పక్కనే పడుకుని, గురక ఆగితే లేచి తడుతోంది. నిద్ర లేక అది చిక్కిపోయింది.

మీ దేవకుమారి

కొల్లేటికోట,
20 జూన్ 2008.

ప్రియమైన దేవికి,

నవ్వేవాళ్ళని నవ్వనీ. కాలేజీ వాళ్ళు నీ జీతంలోంచే కోసి కట్టారు ఆ ఇన్సూరెన్సు. అడగడానికి సిగ్గు దేనికి? రెండేళ్ళ క్రితం సర్కారు వాళ్ళు కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు మన చెరువు మిగిలుంటే ఎవరినీ అడిగేవాళ్ళం కాదు. ఇప్పుడు నేనూ వేరొకరి చేపలకి కాపలా మనిషినే. ఎండలకి నీళ్ళు చెడిపోయి తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇంజను పెట్టి నీళ్ళు చిమ్మిస్తున్నాం. సెలవు దొరకడం లేదు. లిడియాకి నా ఆశీస్సులు.

నీ అహరోను

తాడేపల్లిగూడెం,
18 జూలై 2008.

ప్రియమైన మీకు,

ఇన్సూరెన్సు వాళ్ళు కాదన్నారండీ. స్థూలకాయానికి చేసే చికిత్స పాలసీలో లేదట, అందం కోసం చేయించుకునే వాటితో కలిపి తీసేశారట. ఏలూరులో వాళ్ళ ఆఫీసుకి లిడియాను తీసుకుని వెళ్ళాను. మేడ మీద ఆఫీసు. మెట్ల మధ్యలో రెండుసార్లు కూర్చుండిపోయాను. పైన ఆఫీసరుగారు మర్యాదగానే మాట్లాడారు.

"కొంచెం తక్కువ తిని, పొద్దున్నే నడవండమ్మా," అన్నారు.

"నడిస్తే ఆయాసమండీ, అందుకే కదండీ ఆపరేషను," అన్నాను.

"రూల్సు నేను రాసినవి కాదమ్మా."

పొద్దున ఒక్క ఇడ్లీ తిని వెళ్ళానని ఆయనకి చెప్పాలనిపించింది. చెప్పినా నమ్మరని ఊరుకున్నాను. ఆ గదిలో నేను కూర్చోవడానికి సరిపోయే కుర్చీ కూడా లేదు. ముప్పై ఎనిమిదేళ్ళ దాన్ని, అందం కోసం ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నానని అనుకున్నారేమో.

మీ దేవకుమారి

కొల్లేటికోట,
27 జూలై 2008.

ప్రియమైన దేవికి,

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. హైదరాబాదులో వాళ్ళ పైఅధికారికి మళ్ళీ రాద్దాం. డాక్టరుగారి చేత "ప్రాణాపాయం" అని రాయించు. వచ్చే నెల చేపల పట్టుబడి అయిపోగానే నేనే వచ్చి తీసుకెళ్తాను. అప్పటిదాకా ఓర్చుకో. ప్రార్థన మానకు.

నీ అహరోను

ఏలూరు, ఆసుపత్రి నుంచి,
9 సెప్టెంబరు 2008.

ప్రియమైన మీకు,

కంగారు పడకండి, నేనే రాస్తున్నాను. మీకు పట్టుబడి తెమలక ముందే హైదరాబాదు నుంచి కూడా కాదనే జవాబొచ్చింది. అది చదివిన మర్నాడు లైబ్రరీలో పడిపోయానట. లిడియా అంబులెన్సులో ఇక్కడికి తెచ్చింది. గుండె వాచి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు.

ఈ ఆసుపత్రి ఖర్చంతా ఇన్సూరెన్సు వాళ్ళే ఇస్తున్నారండీ. అడిగిన రోజే ఒప్పుకున్నారు. గుండె జబ్బు పాలసీలో ఉందట.

నిన్న డాక్టరమ్మగారిని, "ఇప్పుడైనా ఆ ఆపరేషను చేస్తారా అండీ?" అని అడిగాను. ఆవిడ నా మంచం మీదే కూర్చుని, "ఇంక మత్తు తట్టుకోలేదమ్మా నీ గుండె. అప్పుడే చేసుంటే బాగుండేది," అన్నారు. లిడియా బయటికి వెళ్ళిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఆవిడ తన చెయ్యి నా చేతిలోనే ఉంచారు, అది చాలనిపించింది.

మందులు రాసిచ్చి పది రోజుల్లో పంపిస్తారట. గూడెం వెళ్ళను, మీ దగ్గరికి వస్తాను. పెళ్ళైన దగ్గర్నుంచీ కొల్లేటికోట రమ్మంటే ఏదో ఒక వంక చెప్పాను. మీ లంకకి దాటే పడవ నా బరువుకి ఒరుగుతుందని, రేవులో అందరూ చూస్తారని భయం. ఉద్యోగం వల్ల కాదండీ.

పెద్ద పడవ మాట్లాడి ఉంచండి. చూసేవాళ్ళని చూడనివ్వండి. ఇంక ఎంతకాలమో తెలియదు, మీరు పక్కనుంటే కాసేపైనా నిద్రపోతాను.

మీ
దేవి