కార్బన్ లేని సోడా

1999 ఏప్రిల్ 18, ఆదివారం

డైరీ కొనలేదు. పాత ఆర్డర్ల పుస్తకం, వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఆపరేషన్ అయి మూడు నెలలు. లావు తగ్గడానికి హైదరాబాద్‌లో డాక్టర్ గారు నా కడుపును కోడిగుడ్డంత సంచిగా మార్చారు. కుట్టు కూడా కాదు, లోపల పిన్నులు కొట్టారట! ఇరవై ఏళ్లుగా సిద్దిపేటలో బట్టలు కుడుతున్నవాణ్ణి, నన్ను ఒక్క మాట అడగలేదు.

ఉదయం 7.00: నడుము 55 అంగుళాలు. జనవరిలో 62!

లక్ష్యం: జూన్ 10కి 50. యాభైకి దిగితే పొట్ట మిషన్ బల్లకు తగలదు, కాళ్లు పెడల్‌కు అందుతాయి. రెండేళ్లుగా నేను కత్తిరించడమే, కుట్టేదంతా నా భార్య రబియా. బోర్డు మీద మాత్రం ముక్తార్ టైలర్స్. రాత్రి పడుకునేటప్పుడు గోడ పట్టుకుని వంగుతుంది. నడుము నొప్పి అని చెప్పదు. బడి యూనిఫాంల సీజన్‌కు ఆమెను లేపి నేను కూర్చోవాలి.

డాక్టర్ గారి కాగితంలో ఇంగ్లీషులో నాలుగు ముక్కలున్నాయి. మూడోది: కార్బొనేటెడ్ బెవరేజెస్ వద్దు. ఏడో తరగతి చదువు ఊరికే పోలేదు. కార్బన్ నాకు తెలియనిదా! రసీదు పుస్తకంలో రోజూ పెట్టే నల్ల కాగితమే. అంటే నల్లటి డ్రింకులు.

ప్రతిజ్ఞ: ఇవాళ్టి నుంచి నల్ల డ్రింకు బంద్!! రబియాకు కాగితం చదివి చెప్పాను. చాలా సంతోషపడింది.

ఏప్రిల్ 20, మంగళవారం

నల్లది ముట్టలేదు. ఎంత సులువు! ఇంతకుముందు కూడా పెద్దగా ముట్టింది లేదు.

సాయంత్రం 4.00: షాపు ముందు మల్లయ్య గోలీసోడా బండి. పద్నాలుగేళ్లుగా నాలుగింటికి ఒక సోడా, అరగంట కబుర్లు. సీసాను ఎండకు పట్టి చూశాను. అవతల చేర్యాల బస్సు స్పష్టంగా కనిపించింది. కార్బన్ లేదు. గుటక గుటకగా తాగాను.

4.30: పెద్ద త్రేపు.

"చూసినవా భాయ్, గ్యాసంత పోయింది" అన్నాడు మల్లయ్య.

డాక్టర్ గారి కంటే ఇతను తక్కువేం కాదు.

ఏప్రిల్ 27, మంగళవారం

నడుము 54½!!

మధ్యాహ్నం: కిచిడీ, రెండు చెంచాలు. మూడోది పడలేదు. పక్కింటి పెళ్లి బిర్యానీ వాసన చూసి వచ్చాను. అన్నీ పోయాక మనిషికి ఒక్క సోడా అయినా ఉండాలి కదా.

ఇవాళ రెండు. రెండోది ఆరెంజ్. ఆరెంజ్ రంగు కార్బన్ ఎక్కడా ఉండదు. నీలం కార్బన్ ఉంటుంది కాబట్టి నీలం డ్రింకు మాత్రం తాగను. సిద్దిపేటలో దొరకదు కూడా.

కడుపు ఉబ్బరంగా ఉందంటే రబియా "ఉండు" అని మిషన్ దిగి, తనే పోయి సోడా తెచ్చింది.

మే 3, సోమవారం

వెంకటనర్సయ్య సార్ వచ్చారు. రిటైరైన సైన్సు మాస్టారు, ప్యాంటు వదులు చేయించుకోవడానికి.

"ఏందయ్యా ముక్తార్, కడుపు కోయించుకున్నోనివి, సోడా తాగుతున్నవేంది?"

"తెల్లదే సార్. కార్బన్ లేదు."

కాగితం తెప్పించుకుని చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నా సుద్దముక్కతో నా బల్ల మీదే పావుగంట పాఠం చెప్పారు.

"గా బుడగలే కార్బన్ గ్యాసు. గా గ్యాసు లోపల నిండితె నీ సంచి సాగుతది. సాగిందంటే మళ్ల ఎప్పటి తిండి, ఎప్పటి లావు. సమజైందా?"

సమజైంది. ప్రతిజ్ఞ మారుస్తున్నాను: బుడగ ఉన్నదేదీ తాగను. రేపటి నుంచి. ఇవాళ్టిది అప్పటికే తెరిచి ఉంది.

రబియా నమాజుకు ఇంట్లోకి వెళ్లి ఉంది, వినలేదు. రేపు చెప్పాలి.

మే 4, మంగళవారం

4.00: చెప్పేలోపే రబియా సోడా తెచ్చింది. "ఎండ బాగుంది, తాగు" అంది. వద్దంటే ఎందుకంటుంది. ఎందుకో చెబితే ఇన్నాళ్లూ తన చేతులతోనే ఇచ్చానని బాధపడుతుంది. ఆమె బాధపడకూడదని తాగాను.

మే 9, ఆదివారం

ఉపాయం దొరికింది! సోడాలో ఉప్పు వేస్తే బుడగలన్నీ పొంగి బయటికి పోతాయి. మిగిలేది మంచినీళ్లే.

4.00: ఉప్పు వేశాను. అంతా పొంగి కింద పోయింది. గ్లాసులో పావు వంతు మిగిలింది, ఉప్పగా ఉంది.

4.10: నోరు ఉప్పగా ఉందని ఇంకొకటి తాగాను. ఉప్పు లేకుండా.

నడుము 54½. కదల్లేదు.

మే 17, సోమవారం

నడుము 55½.

టేపు పాతది. ఎండకు ముడుచుకుని ఉంటుంది.

కొత్త టేపు కొన్నాను. 56.

కిచిడీ ఇప్పుడు ఎనిమిది చెంచాలు పడుతోంది. రబియా "ఆకలైతుంది, మంచిగైతున్నవ్" అని సంబరపడుతోంది. నేనూ నవ్వబోయాను. నవ్వడం చేతకాలేదు.

యూనిఫాంల బట్ట వచ్చింది. నూట ఇరవై చొక్కాలు. రబియా మొదలుపెట్టింది.

మే 22, శనివారం

మూడు సోడాలు. లెక్క రాయొద్దనుకున్నాను, రాశాను.

5.30: నొప్పి. కూర్చోలేను, పడుకోలేను.

6.15: వాంతి. రబియా వీపు రాస్తూ "సోడా తెస్త, తగ్గుతది" అంది. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. వెళ్లనివ్వలేదు. ఎందుకో మాత్రం చెప్పలేదు.

మే 24, సోమవారం

హైదరాబాద్. డాక్టర్ గారు ఎక్స్‌రే ఫిల్మ్ తీసి చూశారు. పిన్నులు ఊడలేదు, సంచి సాగింది. ఇంకా సాగితే మళ్లీ ఆపరేషన్ చేయలేనన్నారు. ఈసారి తెలుగులో చెప్పారు. రబియా పక్కనే ఉంది.

"సోడా తాగనిచ్చావా అమ్మా?"

రబియా నావైపు చూసింది. "నీకు తెల్సా?" అంది.

"ఈ నెల మూడో తారీఖు తెలిసింది" అన్నాను.

తిరుగు బస్సులో రబియా ప్రజ్ఞాపూర్ దాకా కిటికీలోంచే చూసింది. తర్వాత ఉర్దూలో తిట్టింది. ఇక్కడ తెలుగులో, కాస్త తగ్గించి రాస్తున్నాను.

"మూడు వారాలు! నా చేత్తోటే నీకు విషం పోయించుకున్నవ్. చొక్కాలంటవా, నడుము విరిగినా నేనే కుడత. నువ్వు పోతే నిన్ను ఏడికెల్లి తెచ్చుకోవాలె?"

ఆ తర్వాత ఏడ్చింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో బస్సులో ఏడవడం చూడలేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

జూన్ 1, మంగళవారం

నడుము 56. జూన్ 10కి యాభై కాదు. మిషన్ మీద రబియానే. వారం నుంచి నాతో పనిమాటలు తప్ప లేవు.

ప్రతిజ్ఞ: ఈ రోజు నుంచి సోడా బంద్. ఏ రంగుదైనా. రేపటి నుంచి కాదు. తాగాలనిపిస్తే రబియాకు చెప్పాలి.

4.00: మల్లయ్య ఎవరికో సోడా గోలీ కొట్టాడు. నావైపు చూడకుండా కొట్టాడు, పాపం.

4.01: "తాగాలని ఉంది" అని చెప్పాను.

మిషన్ ఆపలేదు. ఒక చొక్కా నా ఒళ్లో పడేసింది. "గుండీలు కుట్టు."

ఏడు గుండీలు కుట్టాను.

4.20: మళ్లీ చెప్పాను. ఇంకో చొక్కా.

4.35: చెప్పాను. చొక్కా.

5.10: రెండుసార్లనిపించింది, నిజమే చెప్పాను. రెండు చొక్కాలు.

7.00 అయ్యేసరికి తొమ్మిది చొక్కాలు.

7.15: "రబియా, తాగాలని ఉంది" అన్నాను.

చేయి చాపి వెతికింది. గుండీలు కుట్టాల్సిన చొక్కా ఒక్కటీ లేదు. మిషన్ ఆపి, గోడ పట్టుకుని లేచి, వచ్చి నా పక్కన కూర్చుంది.