ముప్పై అయిదు దాటాక ఎవరి మీద గెలిచాడు?

జూన్ 1, ఉదయం 7.10

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

నిన్న సాయంత్రం టీవీలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని, బాక్సర్లలో ఆల్‌టైమ్ గ్రేట్ అని ఎవరిని అనాలో గంటసేపు వాదించుకున్నారు. మధ్యలో నా ఫొటో వేశారు. ఇంటిల్లిపాదీ చప్పట్లు! అంతలో ఒకాయన కళ్ళజోడు సర్దుకుని, "రికార్డు బాగానే ఉందండీ. ముప్పై నాలుగు పోటీలు, ముప్పై రెండు గెలుపులు. కానీ ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు గెలవడం ఒక ఎత్తు. ముప్పై అయిదు దాటాక ఎవరి మీద గెలిచాడు? అది చెప్పండి" అన్నాడు.

ఒళ్ళు మండింది. పక్కకి చూస్తే మా అత్తగారు తలూపుతున్నారు! పెళ్ళయ్యాక నేను ఆడిన ప్రతి పోటీనీ మొదటి వరసలో కూర్చుని చూసిన మనిషి ఆవిడ. ఆవిడ తలూపితే ఇక అప్పీలు లేదు.

నాకిప్పుడు ముప్పై ఏడు. ముప్పై అయిదు దాటాక నేను గెలిచినవాళ్ళ జాబితా:
1. టైల్స్ అన్న.
2. టైల్స్ అన్న.
3. టైల్స్ అన్న.

(నా పాత ప్రత్యర్థి. ఇప్పుడు టైల్స్ షాపు నడుపుకుంటున్నాడు. వయసు నలభై ఒకటి.)

తీర్మానం: ఈసారి పోటీ ఎడమచేతివాడితోనే! ఇరవై నాలుగేళ్ళు, పదిహేడు పోటీలు, పదిహేడు గెలుపులు. వాడి పేరెత్తితే మా వయసు బాక్సర్లందరికీ ఒకేసారి నడుంనొప్పి వస్తుంది. నాకు రాదు. ఒప్పందం మీద సంతకానికి ఆఖరి తేదీ జూన్ 30.

నియమాలు: అయిదింటికి లేచి పది కిలోమీటర్ల పరుగు. తీపి బంద్. సాకులు బంద్.

బరువు 78.4. కావలసింది 72.5. ఎంతసేపు!

జూన్ 2, ఉదయం 6.30

లేచాను! పరిగెత్తాను! పది కిలోమీటర్లూ! పాలవాడు నమస్కారం పెట్టాడు. రెండు ఉడికించిన గుడ్లు, చక్కెర లేని కాఫీ. చక్కెర లేని కాఫీ కూడా బాగానే ఉంటుంది.

జూన్ 4

చక్కెర లేని కాఫీ బాగుండదు. బరువు 77.6!

జూన్ 5, ఉదయం 11.00

అద్భుతం! ఎడమచేతివాడితో సాధన చేయడానికి మరో ఎడమచేతివాడు కావాలి కదా, మా జిమ్‌లో ఒక్కడూ లేడు. గోడకున్న నిలువుటద్దం ముందు నిలబడ్డాను. నేను కుడిచెయ్యి విసిరితే అద్దంలోవాడు ఎడమచెయ్యి విసిరాడు! ఇన్నేళ్ళూ ఈ బుర్ర ఎక్కడ పెట్టుకున్నాను? పన్నెండు రౌండ్లు ఆడాను. వాడి ఒక్క గుద్దూ తగల్లేదు.

జూన్ 8

అద్దంలోవాడి మీద రోజూ గెలుస్తున్నాను. వాడి ఎత్తులన్నీ నాకు ముందే తెలిసిపోతున్నాయి. పెద్దరికం అంటే ఇదే కాబోలు.

జూన్ 10, ఉదయం 8.45

వాన. తడి రోడ్డు మీద మోకాలు జారితే ఎవరిది పూచీ? విశ్రాంతి కూడా సాధనలో భాగమే.

జూన్ 11

వాన లేదు. కానీ వచ్చేలా ఉంది.

జూన్ 12, సాయంత్రం 5.30

అత్తగారు వంటింట్లోంచి వచ్చి, "సాధన ఎంతవరకు వచ్చింది అల్లుడుగారూ?" అన్నారు. అద్దం సంగతి గొప్పగా చెప్పాను. ఆవిడ ముందుగదిలో కుర్చీలు పక్కకి జరిపించి, నా పాత గ్లవ్ ఒకటి ఎడమచేతికి తొడుక్కున్నారు. ఆవిడది ఎడమచేతి వాటం! పన్నెండేళ్ళుగా ఆ చేత్తోనే కూర వడ్డిస్తున్నారు, నేను తింటున్నానే తప్ప చూడలేదు.

"రండి" అన్నారు.

"వద్దు అత్తయ్యగారూ, మీకు తగిలితే..."

ఠప్! గడ్డం మీద. ఎక్కడినుంచి వచ్చిందో తెలియలేదు. మళ్ళీ ఠప్! అరవై ఆరేళ్ళ మనిషి!

"మీ ఎడమకాలు నా కుడికాలికి బయటివైపు ఉండాలి. మీరేమో లోపల పెట్టి నా చేతికి ఎదురొస్తున్నారు," అన్నారు గ్లవ్ విప్పుతూ. "అద్దంలోవాడు మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టాడా? కొట్టలేనివాడితో ఎన్నాళ్ళు ఆడితే మాత్రం ఏం లాభం?"

మా ఆవిడ తలుపు చాటున నవ్వు ఆపుకోలేక చచ్చిపోతోంది.

జూన్ 13

గడ్డం నొప్పి. పరుగు లేదు. మా ఆవిడ ఆఫీసులో ఎవరో రిటైరయ్యారట, మిగిలిన కేకు ఇంటికి తెచ్చింది. చిన్న ముక్క తిన్నాను. గుండ్రటి కేకులో చిన్న ముక్క అంటే పావు భాగం.

జూన్ 14

మిగతా ముప్పావు పాడైపోతుందని.

జూన్ 17, మధ్యాహ్నం 1.20

మా బావమరిది వచ్చాడు. నా పోటీలు కుదిర్చేది వాడే.

"బావా, ఎడమచేతివాడితో నీకెందుకు చెప్పు తలనొప్పి? టైల్స్ అన్నతో నాలుగోసారి పెట్టిస్తాను. బరువు తగ్గక్కర్లేదు, డెబ్బై తొమ్మిది దాకా పరవాలేదట. హాలు నిండుతుంది. దండ వేయించుకుని ఇంటికొచ్చెయ్!"

ఆలోచిస్తానన్నాను. ఆలోచించడం తీర్మానానికి విరుద్ధం కాదు.

జూన్ 18

టైల్స్ అన్న ఫోన్ చేశాడు. "ఏం తమ్ముడూ, మళ్ళీ కొట్టుకుంటున్నామటగా! కుడి భుజం మీద మాత్రం కొట్టకు, షాపులో పెట్టెలు దించాలి."

మా ఇద్దరి వయసూ కలిపితే డెబ్బై ఎనిమిది. నా బరువూ ఇంచుమించు అంతే.

జూన్ 21, ఉదయం 9.15 (లేచిన సమయం)

టైల్స్ అన్నతో పోటీకి సరే అనేశాను. కారణాలు రాసి పెట్టుకుంటున్నాను:
మోకాలు.
వానాకాలం.
ఎడమచేతివాడు ఇంకా చిన్నవాడు, వాడి భవిష్యత్తు పాడుచేయడం భావ్యం కాదు.

మూడోది మా ఆవిడకి చదివి వినిపించాను. "భయం వేస్తే భయం వేసిందని చెప్పండి. మోకాలి మీదికి, వాన మీదికి నెట్టడం ఎందుకు?" అంది. కాఫీలో రెండు చెంచాల చక్కెర వేయించుకుని తాగాను.

జూన్ 24

భోజనాల దగ్గర పోటీ తేదీ చెప్పాను. ఆదివారం. అత్తగారు కూర వడ్డిస్తూ, "ఆ రోజు నేను రాలేను అల్లుడుగారూ. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి" అన్నారు.

"ఆదివారం కళ్ళ డాక్టరు ఎక్కడుంటాడు అత్తయ్యగారూ?"

"లేకపోతే ఇంకో పని చూసుకుంటాను. ఆ పోటీ మూడుసార్లు చూశానుగా."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది. లోపలికెళ్ళి మంచం మీద కూర్చుంటే నిజంగా ఏడుపొచ్చింది. ఇక్కడైనా నిజం రాస్తాను: ఆ ఎడమచేతివాడంటే నాకు భయం. ఓడిపోతానని భయం. టీవీలో ఆయన అడిగిన ప్రశ్నకి సమాధానం నాకు ముందునుంచీ తెలుసు, అందుకే అంత ఒళ్ళు మండింది.

జూన్ 26, ఉదయం 10.30

టైల్స్ అన్న షాపుకి వెళ్ళాను. మన పోటీ వద్దని ఎలా చెప్పాలో తెలియక బాత్రూము టైల్స్ ధర అడిగాను. అన్న ఓ పెట్టె మీద కూర్చుని, నాకో పెట్టె చూపించి, "అసలు సంగతి చెప్పు" అన్నాడు. చెప్పాను. తిడతాడనుకున్నాను. హాయిగా నవ్వాడు.

"బతికించావు! నాలుగోసారి నా మీద గెలిస్తే నువ్వు గొప్పవాడివైపోవు. నేను మాత్రం నాలుగుసార్లు ఓడినవాణ్ణవుతాను. వెళ్ళు, వాడితో ఆడు."

"ఓడిపోతే అన్నా?"

"ఓడిపోతే ఓడిపోతావు. అందరూ ముఖం చాటేసినవాడితో ముప్పై ఏడేళ్ళ వయసులో ఆడాడురా అంటారు. నన్ను చూడు, నా సంగతెత్తితే ఏమంటారు? టైల్స్ చవగ్గా ఇస్తాడు అంటారు!"

బావమరిదికి ఫోన్ చేశాను. "నీకు మతి పోయిందా బావా!" అని అరిచాడు. మళ్ళీ వాడే పావుగంటలో ఫోన్ చేసి, ముప్ఫయ్యో తేదీన సంతకాలని చెప్పాడు.

జూన్ 30, సాయంత్రం 6.00

రోజు 1.

బరువు 79.6. అవును, మొదలుపెట్టినప్పటికంటే ఎక్కువే. రేపు అయిదింటికి పరుగు. తీపి బంద్. అద్దానికి దుప్పటి కప్పించాను. సాధన అత్తగారితో, రోజూ సాయంత్రం నాలుగింటికి. గ్లవ్ తన చేతికి వదులుగా ఉందని ఆవిడ ఫిర్యాదు.

ఎడమచేతివాడు సంతకానికి వాళ్ళ అమ్మని తోడు తెచ్చుకున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "సార్, మీరు ఒప్పుకోరనుకున్నాం" అన్నాడు.

"నేనూ అలాగే అనుకున్నాను నాయనా" అన్నాను. అందరూ నవ్వారు.

నాకూ నవ్వొచ్చింది. పెన్ను తీసుకున్నాను. గడిచిన మూడు పోటీలకీ సంతకం పెడుతున్నప్పుడే ఎవరు గెలుస్తారో నాకు తెలుసు. ఈసారి తెలియదు. సంతకం కాస్త వంకరపోయింది. చెల్లుతుందన్నారు.