ఐదు మీటల క్లారినెట్‌కి ఆకురాయి పెట్టినవాడు

ప్రభువునందు నాకు ప్రియమైన తమ్ముడు ప్రసాదుకు,

కెనడా, బ్రాంప్టన్ నుంచి మీ అక్క రూతమ్మ దీవెనలతో రాస్తున్నది. నువ్వూ, మరదలు సువార్తా, పిల్లలూ ఒంట్లో బాగున్నారా? దొడ్డమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఆవిడ రోజూ మందు వేసుకుంటోందో లేదో చూడు, అడిగితే వేసుకున్నాననే చెబుతుంది. ఇక్కడ దేవుని కృపవల్ల మేం బాగానే ఉన్నాం. మీ బావ ట్రక్కు మీద వినిపెగ్ వైపు వెళ్ళారు, రేపో ఎల్లుండో వస్తారు. నాకు గోడౌన్‌లో అదే పని: అట్టపెట్టెలు, స్కానరు, సాయంత్రానికి కాళ్ళ వాపు. మంచు మోకాలిదాకా పడింది. భయపడకు, బూట్లున్నాయి, స్వెట్టర్లున్నాయి, వేళకి అన్నం తింటున్నాను. బాగాలేనిది ఒక్క నా కోపమే.

ఫోన్ చేస్తే అరుస్తాను. అరిస్తే నువ్వు "సరే అక్కా, సరే సరే" అని పెట్టేస్తావు. కాగితమైతే అడ్డం రాదు, అందుకే రాస్తున్నాను.

మేం అద్దెకుండే బేస్‌మెంట్ వాల్టర్ గారిది. పైన ఆయనొక్కరే ఉంటారు. గ్యారేజీలో కారు ఉండాల్సిన చోట లేత్ మిషను పెట్టుకుని, పాతకాలపు క్లారినెట్‌లను చూసి అచ్చం అలాంటివే చేస్తారు. పాతకాలమంటే నాన్న కాలం అనుకునేవు. మన ఊళ్ళకి బ్యాండు మేళం రాకముందు, క్లారినెట్ అనేది అప్పుడప్పుడే పుట్టి నడక నేర్చుకుంటున్న కాలం. నీ నల్ల క్లారినెట్‌కి ఒళ్ళంతా మీటలే కదా? దీనికి ఐదంటే ఐదే, ఇత్తడివి. బాక్స్‌వుడ్ అని పసుపుపచ్చటి గట్టి కర్ర. అతుకుల దగ్గర కొమ్ముతో చేసిన ఉంగరాలు. ఊదే మూతికి పెట్టే రీడు పుల్లను మరలతో బిగించరు, దారం చుట్టి కడతారు. మొదటిసారి చూసినప్పుడు "ఇది పిల్లల ఆటబొమ్మా?" అనేశాను. ఆయన నవ్వి, "బ్యాండువాడి కూతురివి కదా, ఊది చెప్పు" అన్నారు.

ఊదాను ప్రసాదూ. కింది స్వరాలు సన్నగా, వెచ్చగా, చెవి దగ్గర చెప్పుకున్నట్టున్నాయి. పైకి వెళితే తేటగా పాడుతుంది. నీది తారు రోడ్డు, ఎక్కడ అడుగేసినా ఒకటే. ఇది పొలం గట్టు. మీటలు లేవు గనక కొన్ని స్వరాలకి ఒక వేలు ఎత్తి, దాని కింది రంధ్రం మూయాలి. అలా వచ్చే స్వరం నిండుగా రాదు. దుప్పటి ముసుగులో ప్రార్థించుకునే మనిషి గొంతులా మసగ్గా వస్తుంది. ఆనాటివాళ్ళు దాన్ని లోపమనుకోలేదట, పాటలో దుఃఖం ఉన్నచోట ఏరికోరి ఆ స్వరాన్నే పెట్టేవాళ్ళట. ఊదేదానిలో స్వరానికీ స్వరానికీ తేడా లేకపోతే ఊదిందేమిటో ఎవడికి తెలుస్తుందని అపొస్తలుడు అడగలేదా? బలహీనంగా కనిపించే అవయవమే మరింత అవసరమని ఆయనే చెప్పలేదా?

వాల్టర్ గారి వేళ్ళు కీళ్ళవాతంతో వంకరపోయాయి. రంధ్రాలను వేళ్ళతోనే మూయాలి కదా, తను చేసినదాన్ని తనే ఊదలేరు. "గ్యారేజీలో కాకుండా, నలుగురి మధ్య మోగితే ఒక్కసారి వినాలని ఉంది" అన్నారు. మన తెలుగు సహవాసంలో క్రిస్మస్ ఆరాధనకి ఊదుతానని మాటిచ్చాను. విశ్వాసి కాని మనిషి, గుడి గడప తొక్కి ఎన్నేళ్ళయిందో, వస్తానన్నారు.

ఇక సుధీర్ సంగతి విను. మా సహవాసంలో కీబోర్డు వాయిస్తాడు, మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రిహార్సల్‌లోనే ముఖం చిట్లించాడు. "ఆంటీ, మీది ఫ్లాట్‌గా ఉంది." ఉంటుంది మరి, ఆనాటి శ్రుతి ఈనాటికంటే తక్కువ. అదే చెప్పాను. "నాకు వదిలేయండి ఆంటీ, ఇంటికి తీసుకెళ్ళి సెట్ చేస్తా" అన్నాడు. దీన్ని బట్టి కీబోర్డును దించుకుంటాడని ఇచ్చాను.

తర్వాతి ఆదివారం తెచ్చాడు. పెట్టె మూత తీస్తే మధ్య రంధ్రం అంచు తెల్లగా, పచ్చిగా కనిపించింది. సన్న ఆకురాయి పెట్టి అరగదీశాడు! ఊదితే నా మసక స్వరం బజారులో ఈలలా కేక పెట్టింది. దాని పక్కవి రెండు మూడు కూడా శ్రుతి తప్పాయి.

"చిన్న అడ్జస్ట్‌మెంటే ఆంటీ. శ్రుతి చూసే యాప్‌లో చూడండి, రెడ్డులోంచి గ్రీన్‌కి వచ్చేసింది."

"ఏరా, నీ కీబోర్డులో శ్రుతి దించే బటన్ ఉందా లేదా?"

"ఉంది ఆంటీ."

"బటన్ ఉన్నదాన్ని వదిలేసి బటన్ లేనిదాన్ని కోస్తావా? బలిపీఠం రాళ్ళ మీద పనిముట్టు పడితే అది అపవిత్రమని ధర్మశాస్త్రం చెప్పలేదా?"

"సారీ ఆంటీ, హెల్ప్ చేద్దామనే..."

"ఆ ప్రభువును ముద్దుపెట్టుకుని పట్టించినవాడు కూడా ప్రేమగా దగ్గరికొచ్చే పెట్టుకున్నాడు!"

సూర్యుడు అస్తమించేలోగా కోపం చాలించమని వాక్యం. ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ డిసెంబరులో సూర్యుడు నాలుగున్నర దాటగానే పడుకుంటాడు. ఆరాధన అయి, భోజనాలయ్యేసరికే చీకటి. నా కోపానికి ఆ కాస్త పగలు ఏం సరిపోతుంది?

పైకి వెళ్ళి వాల్టర్ గారి చేతిలో పెట్టాను. రంధ్రం మీద బొటనవేలు రాసి చూశారు. నేను మళ్ళీ బలిపీఠం, పనిముట్టు అని అందుకున్నాను. "మొదటినుంచి చివరిదాకా పనిముట్లతో చేసింది నేనే కదమ్మా" అని నవ్వారు. తేనెమైనం ముద్ద తీసి, వేళ్ళ మధ్య వెచ్చచేసి, రంధ్రం లోపల పూశారు. పూర్వం పనివాళ్ళు కూడా రంధ్రం పెద్దదైతే అంతేనట. "మసక తిరిగొస్తుంది. కానీ నీ ఊపిరి వేడికి మైనం మెత్తబడుతుంది. ఎంతసేపు ఆగుతుందో చెప్పలేను" అన్నారు.

క్రిస్మస్ పొద్దున ఆయన కోటు విప్పకుండా చివరి వరుసలో కూర్చున్నారు. సుధీర్‌తో చెప్పాను: "నేను ఊదినంతసేపూ కీబోర్డు మీద నీ చెయ్యి పడిందో, సంఘం ముందే నీ పేరు పెట్టి ప్రసంగిస్తా." చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

నాన్న పద్ధతిలో మెల్లగా క్రిస్మస్ కీర్తన మూడు చరణాలు ఎత్తుకున్నాను. మొదటి చరణం బంగారం. రెండోదానిలో ఆ స్వరం దగ్గరికి వచ్చేసరికి చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు. మూడోదానికి మైనం జారింది. దుఃఖం ఉండాల్సిన చోట ఈల వచ్చింది. జనానికి తెలియలేదు, "ఆమేన్" అన్నారు. తెలిసింది ముగ్గురికే. సుధీర్ తల దించుకున్నాడు.

అయ్యాక వాడే వాల్టర్ గారి దగ్గరికి వెళ్ళాడు. "ఆ రంధ్రమున్న ముక్క మళ్ళీ కొత్తగా చేయాలంటే నేనేం చేయాలి అంకుల్?" అని అడిగాడు. "శనివారాలు గ్యారేజీకి రా. మొదట చీపురు పట్టు, కర్ర సంగతి తర్వాత" అన్నారాయన. అందరూ వాణ్ణి మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు.

కారులో వాల్టర్ గారు అన్నారు: "రెండు చరణాలు విన్నాను రూత్. నాకది చాలు."

ఆయనకి చాలింది ప్రసాదూ. నాకు చాలలేదు. ఆ మూడో చరణం కూడా ఆయనకి దక్కాల్సిందే.

మరదలిని ఎండు రొయ్యలు పంపవద్దను, పోయినసారి వేయిస్తే వాల్టర్ గారు గ్యాస్ లీకనుకుని కిటికీలన్నీ తీశారు. నాన్న రీడు కట్టుకునే గట్టి దారం దొరికితే మాత్రం ఒక ఉండ పంపు. దొడ్డమ్మ కాళ్ళకి నా వందనాలు చెప్పి, నా తల మీద చెయ్యి పెట్టినట్టే దీవించమను. పాస్టరమ్మ గారినీ, మీ బ్యాండు వాళ్ళందరినీ అడిగానని చెప్పు. పిల్లలకి ముద్దులు.

కుటుంబ ప్రార్థనలో నా కోపాన్ని కూడా తలుచుకోండి. తగ్గించమని అడగొద్దు. శనివారం వాడు చీపురు పట్టడానికి వచ్చినప్పుడు, గ్యారేజీ తలుపు తీసేది నేనే.

ప్రభువు కాపుదలలో,
మీ అక్క
రూతమ్మ